తెల్లరాత

పెళ్ళి పనుల జాబితాలో తూబా పేరు వంటింటి పేజీలో ఉంది. పుచ్చకాయలు కోసేవాళ్ళకు కింద, టీ గ్లాసులు కడిగేవాళ్ళకు పైన.

జాబితా చదువుతున్న అమ్మాయి పేరు దిల్ ఆరామ్. పెళ్ళిళ్ళు చేయించి పెట్టడం ఆమె వృత్తి. పెళ్ళికొడుకు కామ్యార్ తల్లి ఫరంగీస్ ఖానుం ఆమెను మషద్ నుంచి వెంటబెట్టుకొని బీర్జంద్ వచ్చింది. తూబా తమ్ముడు హబీబ్ ఇంటి హాల్లో తివాచీ మీద, అన్నిటికంటే మెత్తని దిండుకు ఆనుకొని కూర్చుంది. పెళ్ళి యల్దాకు. ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి అది, కాబట్టి పెళ్ళంతా ఆ రాత్రి పేరు మీదే నడవాలని ఆవిడ కోరిక. బల్లల మీద ఎర్ర గుడ్డలు, గుడ్డల మీద పగలగొట్టిన దానిమ్మలు, కుంపటి మీద పరిచిన బొంతలో కాళ్ళు పెట్టుకొని పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ ఫోటోలు, చాలకపోతే మిషను పెట్టి ఊదించే మంచు. ఇంట్లో అవ్వలు తాతలు ఏటా ఊరికే చేసుకునే పండుగను ఆవిడ ఇప్పుడే కనిపెట్టినట్టు మాట్లాడుతోంది.

"నురగ కొట్టడం తూబా ఖానుం పని. లోపల కొట్టి పంపిస్తారు," అని దిల్ ఆరామ్ చదివింది. "ఆవిడ మట్టి బాన మాత్రం స్టేజీ మీద ఉంటుంది. చాలా పాతది కదా, ఫోటోల్లో బాగా వస్తుంది."

టీ పళ్ళెం పట్టుకొని గుమ్మంలో నిలబడ్డ తూబాకు ఒళ్ళు మండిపోయింది. బాన స్టేజీ మీదికి, బాన గల మనిషి వంటింట్లోకి.

ఆ ఊళ్ళో యల్దా అంటే నురగ. కొండల్లో దొరికే ఒక వేరును నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్ళను బానలో పోసి దానిమ్మ పుల్లల కట్టతో కొడతారు. మన కుంకుడుకాయలాగే తెల్లగా పొంగుతుంది. పచ్చి నురగను పడుచువాళ్ళు ఒకరి మొహాన ఒకరు పూసుకొని నవ్వుకుంటారు. మిగిలినదాంట్లో ద్రాక్షపాకం కలిపి, పిస్తా చల్లుకొని తింటారు. తూబా నురగ కొట్టడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. వీధిలో సగం ఇళ్ళకు ఆమె బానలోంచే గిన్నెలు వెళ్ళేవి.

జాబితా అక్కడితో ఆగలేదు. నికా చదివేటప్పుడు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు తలల మీద తెల్ల గుడ్డ పట్టుకొని, దాని పైన రెండు చక్కెర దిమ్మలను ఒకదానితో ఒకటి రుద్దుతారు. పొడి రాలుతుంది, కాపురం తియ్యగా ఉంటుందని. ఆ దిమ్మలు ముట్టుకునేవాళ్ళు తెల్లరాత ఆడవాళ్ళయి ఉండాలి. అంటే మొగుడు బతికి ఉండి, చల్లగా చూసుకుంటున్నవాళ్ళు. మొగుడు పోయినవాళ్ళది నల్లరాత. దిల్ ఆరామ్ నలుగురి పేర్లు చదివింది. నలుగురూ ఫరంగీస్ వైపువాళ్ళే.

ఫరంగీస్ తల తిప్పి తూబాను చూసి నవ్వింది. "తప్పుగా అనుకోకండి తూబా ఖానుం. పిల్లల మంచి కోసమే. మీకు తెలియనిదా."

తెలియకేం. తూబా మొగుడు రహ్మత్ లారీ నడిపేవాడు. పెళ్ళయిన నాలుగో ఏడు జాహెదాన్ దారిలో లారీ బోల్తాపడింది. అప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు యాభై రెండు. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో బంధువుల పెళ్ళి ఎక్కడ జరిగినా ఆమె వెళ్ళింది, వంట చేసింది, గుడ్డ పట్టే వేళకు ఎవరూ చెప్పకముందే తనంతట తానే తలుపు వెనక్కి తప్పుకుంది. తనంతట తాను తప్పుకోవడం వేరు, జాబితా రాసి తప్పించడం వేరు. అందులోనూ ఇది సోగంద్ పెళ్ళి.

సోగంద్ హబీబ్ కూతురు. రెండేళ్ళ పిల్లప్పుడు తల్లి పోయింది. అప్పటికే పుట్టింటికి తిరిగొచ్చిన తూబా పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. జ్వరానికి పట్టీలు వేసింది, జడలు అల్లింది, పరీక్షలకు పక్కన కూర్చొని కునికిపాట్లు పడింది. మేనత్తను అక్కడ అమ్మె అని పిలుస్తారు. మన చెవికి అది అమ్మలాగే వినబడుతుంది. ఆ పోలిక సంగతి తూబాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఆరేళ్ళప్పుడు ఎవరిదో పెళ్ళిలో ఆ పిల్ల తలుపు వెనక్కి వచ్చి, నువ్వెందుకు ఇక్కడున్నావని అడిగింది. కారణం విని, నా పెళ్ళికి నువ్వే రుద్దాలి, ఇంకెవరు రుద్దినా ఒప్పుకోనని కాలు నేలకేసి కొట్టింది. ఇరవయ్యేళ్ళు ఆ మాటను తూబా కడుపులో దాచుకొని బతికింది.

ఇప్పుడు ఆ పిల్ల తివాచీ మీద, కాబోయే అత్తగారి పక్కనే కూర్చొని ఉంది. జాబితా చదివినంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా ఉంది. ఫోను చూసుకుంటోంది. తెర ఆరిపోయి ఉందని తూబాకు గుమ్మంలోంచే కనబడింది.

హబీబ్ అక్క మొహం చూసి, టీ చల్లారిపోతుందని మెల్లగా అన్నాడు. తూబా పళ్ళెం నేల మీద పెట్టింది. పెట్టిందంటే పెట్టడం కాదు, నాలుగు గ్లాసులూ తొణికాయి.

దిల్ ఆరామ్ ఇంకో మాట చదివింది. గుడ్డ పట్టినప్పుడు ఒక ఆడమనిషి సూదీ దారం పట్టుకొని గుడ్డ అంచు కుడుతుంది, ఏం కుడుతున్నావని అడిగితే అత్తగారి నాలుక కుడుతున్నానంటుంది, అందరూ నవ్వుతారు. తాతముత్తాతల నాటి సరసం. ఆ మోటు సరసం తీసేశామని దిల్ ఆరామ్ చెప్పింది, ఫరంగీస్ ఔనన్నట్టు తలూపింది. ఒక్క సూది దొరికితే ఎంత బావుండునని తూబా పళ్ళు నూరుకుంది. ఆవిడకు సరసం గిట్టదు, పట్టింపు మాత్రం ముద్దు. పాతవాటిలో తనకు నచ్చినవి ఏరుకొని తక్కినవి కరివేపాకులా పక్కన పారేస్తోంది, తూబాతో సహా.

వాళ్ళు వెళ్ళాక తూబా కారాలు మిరియాలు నూరింది. ముందు తమ్ముడి మీద. హబీబ్ గోడకు ఆనుకొని అన్నీ విన్నాడు. మగపెళ్ళివాళ్ళతో ఇప్పుడు గొడవ ఎందుకు అక్కా, ఒక్క రాత్రే కదా అన్నాడు. జీవితమంతా ఆ మనిషి చెప్పింది అదే ఒక్క మాట. ఎవరితోనూ గొడవ ఎందుకు. వాడి మీద కోపం తెచ్చుకోవడం దిండును గుద్దడమే.

అసలు కోపం పిల్ల మీద. సోగంద్ తలుపు దగ్గర నిలబడి గోళ్ళు గిల్లుకుంటోంది.

"చెప్పవేం," అంది తూబా. "నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"అమ్మె, ఆవిడ సంగతి నీకు తెలీదు. ఇప్పుడు ఎదురు మాట్లాడితే పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి గుర్తుచేస్తుంది. కామ్యార్ చెప్తానన్నాడు."

"చెప్పాడా?"

సోగంద్ ఇంకో గోరు గిల్లుకుంది.

"అంటే వాడూ మీ నాన్న జాతే. బాగా వెతికి పట్టుకున్నావ్ తల్లీ. నేను నిన్నేం అడగను. చక్కెర రుద్దనివ్వమని కాళ్ళు పట్టుకోను. కానీ నువ్వు ఫోను చూసుకున్నావ్. ఆరిపోయిన ఫోను. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

పిల్ల ఏడ్చింది. ఏడిస్తే ప్రతిసారీ కరిగే తూబా ఈసారి కరగలేదు. చున్నీ దులుపుకొని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు ఫరంగీస్‌కు కబురు పంపించింది. బానా రాదు, చేతులూ రావు, నురగ మీరే కొట్టుకోండి.

పది రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తూబా మాత్రం గిన్నెలతో మాట్లాడింది. గిన్నెలు సొట్టలు పడ్డాయి.

అవతల దిల్ ఆరామ్ తక్కువది కాదు. బజారులో వేరు కొని తానే ఉడకబెట్టింది. మొదటి నీళ్ళు కదా, పుల్ల ముంచగానే మబ్బులా పొంగింది. పది నిమిషాల్లో బేసిన్ నిండింది. ఇంత సులువైన పనికి ఆ ముసలావిడ అంత బెట్టు చేసిందా అని నవ్వుకుంటూ వీడియో కూడా తీసింది. మషద్‌వాళ్ళు చేసే తప్పే అది. మొదటి నీళ్ళకు పొంగెక్కువ, విషంలాంటి చేదూ ఎక్కువ. మొదటివి పారబోయాలి, రెండోవీ పారబోయాలి. మూడో నీళ్ళు అంత తేలిగ్గా పొంగవు. గంటా గంటన్నర భుజం పడిపోయేలా కొడితే అప్పుడు లేస్తుంది, అదే తినడానికి పనికొస్తుంది. ఆ మొదటి నీళ్ళ నురగలోనే పాకం కలిపి, పిస్తా చల్లి, వెండి గిన్నెలో ఫరంగీస్ ఖానుంకు అందించారు. రుచి చూడటానికి వచ్చిన చుట్టాలందరి ముందూ ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకొని, చేతిరుమాల్లోకి ఉమ్మేసింది. సాయంత్రం దాకా నాలుక మంటేనట.

ఈ సంగతి చెప్పి బతిమాలడానికి హబీబ్‌నే పంపించారు. తూబా కడుపారా నవ్వింది. తమ్ముడి మొహం చూసి ఇంకొంచెం నవ్వింది. నవ్వు తగ్గాక ఆలోచించింది. ఆ చేదు పెళ్ళిలో బయటపడితే ఊళ్ళోవాళ్ళు ఫరంగీస్ పేరు ఎత్తరు. సోగంద్ పెళ్ళి నురగ చేదు అంటారు. నలభై ఏళ్ళు అంటారు. పిల్ల మీద కోపం ఎంత ఉన్నా ఆ మాట పిల్ల మీద పడటం ఆమెకు ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడం చూసుకొని తన మీద తనకే మండింది.

"కొడతాను," అంది. "నా బానలో కొడతాను. బాన వంటింట్లోనే ఉంటుంది, నా దగ్గర. నన్ను ఏ పేజీలో రాశారో దానికీ అదే పేజీ."

పెళ్ళిరోజు మధ్యాహ్నానికే తూబా పెళ్ళి హాలు వంటింట్లో చేరింది. రెండు నీళ్ళూ పారబోసింది. మూడో నీళ్ళు బానలో పోసి, నల్ల చున్నీ వెనక్కి ముడేసి, చేతులు మోచేతుల పైకి మడుచుకొని పుల్లల కట్ట పట్టింది. పక్కన పుల్లటి బార్బెర్రీ పళ్ళ పలావు దించుతున్నారు, కుంకుమపువ్వు వాసన గుప్పుమంటోంది. ఎవరూ ఆమెను పలకరించలేదు. ఆ మొహం చూసి పలకరించే ధైర్యం ఎవరికుంది? ఒక్కో దెబ్బకు ఒక్కో పేరు తలుచుకుంటూ కొట్టింది. ఫరంగీస్. దిల్ ఆరామ్. హబీబ్. సోగంద్ పేరు వచ్చినప్పుడు చెయ్యి కొంచెం తడబడేది, అందుకని ఆ పేరు మరింత గట్టిగా కొట్టింది. బాన నిండుతోంది. మోచేతుల దాకా తెల్లగా అయింది.

హాల్లో జరుగుతున్నది వంటింట్లోకి వినబడేలా దిల్ ఆరామ్ స్పీకరు పెట్టించింది, నురగ సమయానికి అందాలని. పొద్దు వాలకముందే నికా. చదివే పెద్దాయన గొంతు సవరించుకొని, ఈ పెళ్ళి నీకు సమ్మతమేనా అని పెళ్ళికూతుర్ని అడిగారు. మొదటిసారి అడగగానే పలకకూడదు, అది అందరికీ తెలిసిందే.

"పెళ్ళికూతురు పూలు కోయడానికి వెళ్ళింది," అని ఆడవాళ్ళు గొంతు కలిపారు.

రెండోసారి అడిగారు. పన్నీరు తేవడానికి వెళ్ళిందన్నారు. చక్కెర దిమ్మలు గరగరమనడం స్పీకర్లో వినబడుతోంది. తూబాకు ఆ చప్పుడు పళ్ళ మధ్య ఇసుకలా ఉంది. మూడోసారి అడిగేముందు అత్తగారు కానుక పెట్టాలి, నోరు విప్పడానికి. ఫరంగీస్ గొలుసు వేసింది కాబోలు, అందరూ ఆహా అన్నారు. పెద్దాయన మూడోసారి అడిగారు.

జవాబు రాలేదు.

చక్కెర చప్పుడు ఆగిపోయింది. ఎవరో దగ్గారు. తూబా పుల్లల కట్ట బాన అంచున ఆనించి స్పీకరు వైపు చూసింది.

"మా నాన్న అనుమతి ఉంది," అంది సోగంద్ గొంతు. "మా అమ్మె అనుమతి కావాలి. మా అమ్మె ఏది?"

వంటింట్లో ఉంది తల్లీ, ఆమె అనుమతి ఎప్పుడూ ఉన్నట్టే, నువ్వు సరే అను అని హబీబ్ బతిమాలుతున్నాడు.

"అయితే పెళ్ళికూతురు వంటింట్లోకి వెళ్ళింది," అంది సోగంద్. "అమ్మెను తేవడానికి. వచ్చేదాకా ఎన్నిసార్లు అడిగినా జవాబు అదే."

వంటింట్లో పనివాళ్ళంతా తూబా వైపు తిరిగారు. ఆమె కళ్ళు నిండాయి. కన్నీళ్ళు వచ్చినందుకూ కోపం వచ్చింది. ఇన్నాళ్ళు పట్టిందా దీనికి నోరు తెరవడానికి. చేతులకు నురగ ఉండటంతో మొహం తుడుచుకునే వీలు కూడా లేదు.

హబీబ్ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, రా."

తూబా మళ్ళీ పుల్లల కట్ట తీసుకుంది. "తూబా పూలు కోయడానికి వెళ్ళింది," అంది.

హబీబ్‌కు అర్థం కాలేదు. వంటవాళ్ళకు అర్థమై నోళ్ళు మూసుకొని నవ్వారు. "అక్కా, నీకు దణ్ణం పెడతాను. అందరూ చూస్తున్నారు."

"పన్నీరు తేవడానికి వెళ్ళింది."

మూడోసారి వచ్చింది ఫరంగీస్ ఖానుం. పట్టుగౌను అంచు తడి నేలకు తగలకుండా ఎత్తి పట్టుకొని వచ్చింది. ఆవిడ మొహంలో రంగు పోయింది. చుట్టాలు నాలుగొందలమంది, వీడియో తిరుగుతూనే ఉంది, పెళ్ళికూతురు బిగుసుకొని కూర్చుంది.

"రండి తూబా ఖానుం," అంది. "వచ్చి తలుపు దగ్గర నిలబడి సరే అనండి, చాలు. గుడ్డ దగ్గరికి మాత్రం వద్దు. మీకు తెలుసుగా, అక్కడ తెల్లరాత చేతులే ఉండాలి."

తూబా బాన దగ్గర్నుంచి లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, అయినా ఎవరి ఆసరా తీసుకోలేదు. రెండు చేతులూ ఎత్తి ఫరంగీస్ మొహానికి దగ్గరగా పెట్టింది. వేళ్ళ కొసల నుంచి మోచేతుల దాకా తెల్లటి నురగ, చుక్కలు చుక్కలుగా నేల మీద రాలుతోంది.

"తెలుపే కదా మీక్కావాల్సింది," అంది. "చూసుకోండి. మీ నలుగురివీ కలిపినా ఇంత తెలుపు ఉందా?"

ఫరంగీస్ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోటికి పక్కగా, బుగ్గ మీద, తూబా అరచేత్తో నురగ పూసింది. యల్దాకు నురగ పూస్తే కోప్పడకూడదు, అది సరదా. వంటవాళ్ళు గొల్లున నవ్వారు. ఫరంగీస్ పక్కకు తప్పుకుంది. తూబా హాల్లోకి నడిచింది.

ఎర్ర గుడ్డల మధ్య, దానిమ్మల మధ్య, మిషను ఊదిన మంచు మధ్య నాలుగొందలమంది ఆమెకు దారి ఇచ్చారు. తెల్ల గుడ్డ పట్టుకున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. దిమ్మలు పట్టుకున్నావిడ వెనక్కి చూసింది, ముందుకు చూసింది, చివరికి ఇచ్చేసింది. తడి చేతులకు చక్కెర అంటుకుంది. గుడ్డ కింద సోగంద్ తల మాత్రమే కనబడుతోంది. ఆ పాపిటలో ఎన్ని వేలసార్లు దువ్వెన పెట్టిందో తూబాకు తెలుసు.

"అమ్మె," అంది సోగంద్ తల ఎత్తకుండా. "కోపమేనా?"

"కోపమే," అంది తూబా. "ఆ ఫోను సంగతి ఇంకా మర్చిపోలేదు. సరే అను."

"మా నాన్న అనుమతితో, మా అమ్మె అనుమతితో, సరే," అంది సోగంద్.

ఆడవాళ్ళు గొంతెత్తి కేరింతలు కొట్టారు. పెద్దాయన దువా చదివి పుస్తకం మూశారు. నికా అయిపోయింది, ఇక చాలమ్మా, చేతులు నొప్పెడతాయి అన్నారు. తూబా రుద్దుతూనే ఉంది. గుడ్డ మీద పొడి కుప్ప పడింది, గుడ్డ సాగి పిల్ల జుట్టుకు తగిలింది. ఎవరో వచ్చి దిమ్మలు అందుకోబోయారు. ఆమె మోచేత్తో పక్కకు నెట్టి, అవి బొటనవేలంత అయ్యేదాకా రుద్దింది.